పుచ్చు పన్ను ఎంత ఇబ్బంది పెడుతోందో పిల్లలే చెప్పాలి: తమిళ ప్రశ్నాపత్రం ప్రాజెక్టు డైరీ

జూన్: పని మొదలు

మాది నెల్లూరు, చెన్నైలో పిల్లల దంతవైద్యంలో ఎండీఎస్ (పీజీ) చేస్తున్నాను. థీసిస్ కోసం తీసుకున్న పని ఇది: పుచ్చు పళ్ళ వల్ల పిల్లల తిండి, నిద్ర, చదువు ఎంత దెబ్బతింటున్నాయో పిల్లల్నే అడిగి కొలిచే ఒక ఇంగ్లీషు ప్రశ్నాపత్రాన్ని తమిళంలోకి తీసుకురావడం, తెచ్చాక అది ఇక్కడి పిల్లల దగ్గర సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించడం. "పన్నెండు ప్రశ్నలే కదా, సాయంత్రానికి అయిపోతుంది" అని హాస్టల్లో అందరూ అంటున్నారు. అందుకే ఎక్కడెక్కడ ఎంత టైం పడుతోందో ఇక్కడ రాసిపెడుతున్నాను, రేపు తెలుగులోకో కన్నడంలోకో ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్ళకి పనికొస్తుంది.

అసలు ఇలాంటి కాగితం ఎందుకంటే, మా ఓపీలో పిల్లాడు చెయిర్ ఎక్కగానే మేం రాసే మొదటి అంకె డీఎంఎఫ్‌టీ. పుచ్చినవి ఎన్ని, పుచ్చి పోయినవి ఎన్ని, ఫిల్లింగ్ పడినవి ఎన్ని, అంతా కూడితే ఒక అంకె. 1938లో అమెరికాలో క్లైన్, పామర్, నట్సన్ పెట్టిన లెక్క, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది, నేనూ రోజూ వాడతాను. కానీ అది పళ్ళని లెక్కపెడుతుంది, ఆ పళ్ళున్న పిల్లాడి గురించి ఏమీ చెప్పదు. ఒకే అంకె ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకడు అన్నీ నమిలి తింటాడు, ఇంకొకడు రాత్రి రెండింటికి లేచి దవడ పట్టుకుని కూర్చుంటాడు. కేస్ షీట్‌లో ఇద్దరూ ఒకటే. మన దేశంలో ఇది కొద్దిమంది సమస్యా అంటే కాదు, 2002-03లో డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చేయించిన జాతీయ సర్వేలో 5 ఏళ్ళ పిల్లల్లో 51.9 శాతం మందికి, 12 ఏళ్ళ వాళ్ళలో 53.8 శాతం మందికి పుచ్చు ఉంది. ప్రపంచం మొత్తం మీద పాల పళ్ళలో పుచ్చు ఉన్న పిల్లలు 51 కోట్ల మందికి పైనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక చెప్పింది. ఇంతమందికి ఉన్న జబ్బు గురించి ఆ జబ్బున్న వాళ్ళని అడగకుండా ఎన్నాళ్ళు నడుపుతాం.

నేను ఎంచుకున్నది కేరీస్-క్యూసీ. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ యూనివర్సిటీలో తయారైంది, 2018లో అచ్చయింది. 5 నుంచి 16 ఏళ్ళ పిల్లల కోసం. 12 ప్రశ్నలు, చివర్లో "మొత్తం మీద నీ పళ్ళు నీకు ఎంత సమస్య" అని ఇంకొకటి. జవాబులు మూడే: అస్సలు లేదు, కొంచెం, చాలా. వాటికి 0, 1, 2 మార్కులు, 12 ప్రశ్నలకి కలిపి గరిష్ఠంగా 24. ఎక్కువ వస్తే ఇబ్బంది ఎక్కువని. నొప్పి, ఒక పక్కనే నమలడం, తిండి ఇరుక్కోవడం, రాత్రి మెలకువ, బ్రష్ చేసేటప్పుడు నొప్పి, కోపం, ఏడుపు, చదువు, ఇలా సాగుతాయి ప్రశ్నలు. ఇవి డాక్టర్లు కూర్చుని ఊహించుకున్నవి కావు, పుచ్చు ఉన్న పిల్లలతో మాట్లాడి వాళ్ళు చెప్పిన దాంట్లోంచి తీసినవి. నాకు ఇది బాగా నచ్చడానికి పెద్ద కారణం అదే.

వేరేవి లేవా అని మా గైడ్ మేడం అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. టొరంటోలో పుట్టిన సీపీక్యూ పేరున్నది, 2002 నుంచి ఉంది, కానీ అది నోటికి సంబంధించిన సమస్యలన్నిటికీ కలిపి, ఎత్తుపళ్ళు, గ్రహణం మొర్రి అన్నీ అందులోనే. ఇకోహిస్ 2007 నాటిది, బడికి వెళ్ళని చిన్నపిల్లల కోసం, అందులో జవాబు చెప్పేది తల్లిదండ్రులు. నాకు కావాల్సింది పుచ్చు గురించి మాత్రమే, అదీ పిల్లాడి నోటి నుంచి. ఇలా చూసుకుంటే మిగిలింది ఇదొక్కటే.

జులై: ఇద్దరు అనువాదకులు, రెండు తమిళాలు

తయారుచేసిన వాళ్ళ అనుమతి తీసుకున్నాం. ఇది ఎవరూ వదిలెయ్యకూడదు, అనుమతి లేకుండా అనువదించిన ప్రశ్నాపత్రాన్ని తర్వాత ఏ పత్రికా తీసుకోదు.

పద్ధతి మేం కొత్తగా కనిపెట్టింది కాదు. 2000లో బీటన్ బృందం రాసిన దారి ఉంది, చాలామంది దాన్నే పట్టుకుంటారు. ఇద్దరు వేర్వేరుగా అనువదిస్తారు, ఒకరికి విషయం తెలియాలి, ఒకరికి తెలియకూడదు. రెండూ కలిపి ఒకటి చేస్తారు. మూలం చూడని ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. తర్వాత ఒక కమిటీ కూర్చుని అన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంది. చివర్లో 30 నుంచి 40 మంది మీద ప్రయత్నిస్తారు. మాకు మొదటి అనువాదం చేసింది మా కాలేజీలో చదివి ప్రాక్టీస్ పెట్టుకున్న ఒక తమిళ డాక్టర్. రెండోది ప్రాథమిక పాఠశాలలో తమిళం చెప్పే టీచరమ్మ. నేను అనువాదం జోలికి వెళ్ళలేదు. ఓపీలో పిల్లలతో మాట్లాడేంత తమిళం నాకు వచ్చు, రాత తమిళం మీద తీర్పు చెప్పేంత రాదు. నా పని అందరినీ ఒకచోట కూర్చోబెట్టడం, ప్రతి మార్పుకీ కారణం రాసిపెట్టడం.

రెండు అనువాదాలు వచ్చాయి. చూస్తే ఒకే భాష రాసినట్టు లేవు. తమిళంలో రాసేది వేరు, మాట్లాడేది వేరు, మనకంటే అక్కడ ఈ దూరం బాగా ఎక్కువ. డాక్టర్ గారు పిల్లలు మాట్లాడినట్టే రాశారు, టీచరమ్మ పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు రాశారు. పళ్ళని ఆయన "పల్లు" అన్నారు, ఆవిడ "పర్కళ్" అన్నారు. పళ్ళు తోముకోవడానికి ఆవిడ "తులక్కు" వాడారు, ఆయన "తేయ్" వాడారు. మా ఓపీలో దక్షిణ జిల్లాల నుంచి వచ్చిన అమ్మలు "విళక్కు" అనడం నేను రోజూ వింటాను. మూడూ తమిళమే, కానీ ఆరేళ్ళ పిల్లకి ఏది వెంటనే తడుతుంది అన్నదే మా ప్రశ్న. పిల్లల్ని "ఉన్" అనాలా, మర్యాదగా "ఉంగళ్" అనాలా అన్న దాని మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. పిల్లల్ని ఎవరూ "మీ పళ్ళు" అనరు, "నీ పళ్ళు" అనే రాశాం.

కలిపి రాసే రోజున టైమంతా తినేసింది ఒక విభక్తి. ఇంగ్లీషులో సగం ప్రశ్నల్లో "నీ పళ్ళ వల్ల" అన్న ముక్క వస్తుంది: నీ పళ్ళ వల్ల నెమ్మదిగా తినాల్సి వస్తోందా, నీ పళ్ళ వల్ల ఏడుస్తావా. తమిళంలో ఇద్దరూ సహజంగానే "పర్కళాల్" అని రాశారు. తప్పు కాదు. కానీ ఆ "ఆల్" తమిళంలో రెండు పనులు చేస్తుంది, కారణం చెప్పడానికీ అదే, పనిముట్టు చెప్పడానికీ అదే. కత్తితో కోశాడు అనడానికి "కత్తియాల్" అంటారు. అంటే "పర్కళాల్ నెమ్మదిగా తింటావా" అని అడిగితే పిల్లకి "పళ్ళతో నెమ్మదిగా తింటావా" అని వినపడొచ్చు. తెలుగులో "తో" వేరు, "వల్ల" వేరు, ఆ అలవాటు వల్లనేమో కాగితం మీద అది నా కంటికి ముందు తగిలింది. అడిగితే టీచరమ్మ కాసేపు ఆలోచించి, పెద్దవాళ్ళం సందర్భాన్ని బట్టి సర్దుకుంటాం, ఒకటో తరగతి పిల్ల సర్దుకోదు అన్నారు.

మరి ఏం రాయాలి? "పంటి నొప్పి వల్ల" అని రాస్తే అర్థం ఇట్టే తెలుస్తుంది, కానీ ప్రశ్న చిన్నదైపోతుంది. నొప్పి లేకుండా కన్నం పడి, అందులో మెతుకులు ఇరుక్కుని, దాని వల్ల నెమ్మదిగా తినే పిల్ల "లేదు" అని చెప్పేస్తుంది. "పళ్ళ కారణంగా" అని రాస్తే ప్రభుత్వ సర్క్యులర్ భాష. చాలాసేపు మాట్లాడుకుని "ఉన్ పల్ ఇప్పడి ఇరుప్పదాల్", నీ పన్ను ఇలా ఉండడం వల్ల, దగ్గర ఆగాం. పిల్లల మీద ప్రయత్నించాక గానీ ఇది ఖాయం కాదని పక్కన నోట్ రాశాను.

ఆగస్టు: తిరుగు అనువాదం, కమిటీ

తిరుగు అనువాదం చేసిన ఇద్దరికీ దంతవైద్యంతో సంబంధం లేదు, మూలం చూపించలేదు. చాలా ప్రశ్నలు బాగానే తిరిగొచ్చాయి. తేడా పడిన చోట్లు రెండు. రాత్రి పూట పళ్ళు మేలుకుని ఉండేలా చేస్తున్నాయా అన్నది "నిద్ర రావడం లేదా" అని తిరిగొచ్చింది. నిద్ర పట్టకపోవడం, పట్టిన నిద్ర నొప్పితో చెడిపోవడం, రెండూ కలిసి రావాలి ఆ ప్రశ్నలో, కాబట్టి వాక్యం మార్చాం. ఇంకోటి బడి చదువు గురించి. మా తమిళ వాక్యం "హోంవర్క్" అని తిరిగొచ్చింది. తరగతిలో చెంప మీద చెయ్యి పెట్టుకుని కూర్చునే పిల్లాడు కూడా ఇందులోకి రావాలి, బడిలో చేసే పనీ ఇంట్లో చేసే పనీ రెండూ తగిలేలా మార్చి రాశాం.

కమిటీలో పిల్లల దంతవైద్యులు, కమ్యూనిటీ డెంటిస్ట్రీ వాళ్ళు, ఒక మనస్తత్వ నిపుణురాలు, అనువాదకులు. ప్రతి ప్రశ్నకీ ఎంత సరిపోతుందో మార్కులు వేయించి కంటెంట్ వాలిడిటీ ఇండెక్స్ చూశాం, అన్నీ ఉండాల్సిన హద్దు దాటాయి. దాని గురించి ఎక్కువ రాయను, పెద్దవాళ్ళు సరే అన్నంత మాత్రాన పిల్లలకి అర్థమైనట్టు కాదు, ఆ అంకెకి థీసిస్‌లో ఒక వరుస చాలు.

అసలు వాదన రాత తమిళమా, నోటి తమిళమా అన్నదాని మీద జరిగింది. నోటి మాటలో అచ్చువేస్తే మదురై మాట ఒకటి, కోయంబత్తూరు మాట ఒకటి, చెన్నై మాట ఇంకొకటి, రాష్ట్రమంతా వాడే కాగితం అవ్వదు. పూర్తి రాత భాషలో వేస్తే చిన్నపిల్లలకి పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. టీచరమ్మ ఒక దారి చెప్పారు: వాక్యం రాత వ్యాకరణంలోనే ఉండాలి, మాటలు మాత్రం ఒకటి, రెండు తరగతుల పాఠ్యపుస్తకాల్లో కనిపించేవే వాడాలి, చదవడం రాని పిల్లలకి చదివి వినిపించేటప్పుడు ఎలా పలకాలో అడిగేవాళ్ళకి ఒక పేజీ సూచనలు ఇవ్వాలి. ఆవిడ లేకపోతే డాక్టర్లం మాత్రమే కూర్చుని ఇంకేదో చేసేవాళ్ళం. ఇలాంటి కమిటీ వేసే ఎవరికైనా నేను చెప్పేది, చిన్న తరగతులకి పాఠం చెప్పే టీచర్ ఒకరు తప్పకుండా ఉండాలి.

సెప్టెంబరు: అమ్మని పక్కన కూర్చోబెట్టడం

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సంతకం కాక పిల్లల ఒప్పుకోలు కూడా కావాలి, 7 నుంచి 12 ఏళ్ళ వాళ్ళు నోటితో చెబితే చాలు, ఆ పైవాళ్ళు రాసివ్వాలి. ఏడేళ్ళ లోపు వాళ్ళకి నియమం లేకపోయినా నేను అడుగుతున్నాను. "వద్దు" అన్న పిల్లల్ని వదిలేస్తున్నాను. వద్దు అనొచ్చని తెలిసిన పిల్లే మనసులో ఉన్నది చెబుతుంది.

ఇక పిల్లలతో కూర్చోవడం. పద్ధతి ఏంటంటే, ప్రశ్న అడగాలి, జవాబు చెప్పాక "ఈ ప్రశ్న నిన్ను ఏం అడిగింది, నీ మాటల్లో చెప్పు" అనాలి, "కొంజం అన్నావు కదా, ఎందుకు కొంజం, రొంబ ఎందుకు కాదు" అనాలి. తమిళంలో మా మూడు జవాబులు ఇవి: ఇల్లవే ఇల్లై అంటే అస్సలు లేదు, కొంజం అంటే కొంచెం, రొంబ అంటే చాలా. ప్రశ్నాపత్రం మొదలుపెట్టేముందు జవాబుల వాడకం నేర్పడానికి ఇడ్లీ ఇష్టమా, కాకరకాయ ఇష్టమా అని అడుగుతాను. కాకరకాయకి "ఇల్లవే ఇల్లై" అని గట్టిగా అరిచాక ఆ మూడు మాటల తేడా పిల్లలకి స్థిరపడిపోతుంది.

మొదటి అడ్డంకి ప్రశ్నలు కావు, అమ్మలు. నేను పిల్లని అడిగితే అమ్మ చెబుతుంది. "దానికి ఏం తెలుసు డాక్టర్, నేను చెబుతాను." ప్రేమతోనే అంటారు, పొద్దున్నే బస్సెక్కి పిల్లని తీసుకొచ్చింది ఆవిడే, రాత్రి లవంగం నూనె పెట్టింది ఆవిడే. కానీ అమ్మకి తెలిసేది రాత్రి ఏడుపు, ముఖం వాచడం, అన్నం వద్దనడం. ఎడమ పక్క నమలడం మానేసి ఎన్నాళ్ళైందో, స్కూల్లో మధ్యాహ్నం తినేటప్పుడు ఏం చేస్తుందో అమ్మకి కనపడదు. ఒక రెండో తరగతి పాప ఒక పక్కనే తింటావా అన్న ప్రశ్నకి "రొంబ" అని చెప్పి, ముద్దని నాలుకతో కుడి పక్కకి ఎలా నెడుతుందో చేసి చూపించింది, వెనక కూర్చున్న అమ్మ "ఇదెప్పుడూ నువ్వు చెప్పలేదే" అంది. అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఇప్పుడు అమ్మని పిల్లకి కనపడేంత దగ్గర్లో, జవాబు అందించలేనంత దూరంలో కూర్చోబెడుతున్నాం, ఆవిడ కోసం వేరే కాగితం ఇస్తున్నాం, పిల్ల తిండి అలవాట్లు అవీ నింపమని. చేతిలో పని ఉంటే మధ్యలో మాట్లాడరు.

ఏడుపు ప్రశ్న దగ్గర మగపిల్లల జవాబు పక్కన ఎవరున్నారో దాన్ని బట్టి మారుతోంది. అన్న పక్కన ఉంటే పదేళ్ళ అబ్బాయి "ఇల్లవే ఇల్లై" అంటాడు, అన్నని బయటికి పంపాక నెమ్మదిగా "కొంజం" అంటాడు. ప్రశ్న మార్చాల్సిన పని లేదు, గది మార్చాలి. సూచనల పేజీలో ఈ వాక్యం చేర్చాను.

అక్టోబరు: పిల్లలు ఎక్కడ ఆగారు

కాగితం మీద ఎంత ఆలోచించినా మాకు తట్టని చోట్ల పిల్లలు ఆగారు. ఆగినవన్నీ రాస్తున్నాను, ఈ ప్రాజెక్టులో పనికొచ్చే భాగం ఇదే అని నా నమ్మకం.

పళ్ళు చిరాకు పెడుతున్నాయా అన్న ప్రశ్నకి తమిళంలో "ఎరిచ్చల్" రాశాం. పెద్దవాళ్ళకి అది చిరాకు. కానీ అదే మాటకి మంట అని కూడా అర్థం, కారం తిన్నాక నోరు మండితే అదీ ఎరిచ్చలే. నోటి గురించి మాట్లాడుతున్నప్పుడు పిల్లలు మంట వైపే వెళ్ళారు, "కారం తింటే ఎరిచ్చల్, లేకపోతే లేదు" అని చక్కగా వివరించారు. దాన్ని తీసేసి "తొందరవు", అంటే ఇబ్బంది పెట్టడం, వేశాం. తమ్ముడు తొందరవు చేస్తాడు అని పిల్లలు రోజూ వాడే మాట, ఆ తర్వాత అడిగిన పిల్లలందరూ దారిలోనే ఉన్నారు.

జాగ్రత్తగా తినాల్సి వస్తోందా అన్నదానికి "గవనమాగ" ఉండేది. తరగతిలో టీచర్ "గవనమా కేళు", శ్రద్ధగా విను, అంటుంది కాబట్టి పిల్లలకి అది శ్రద్ధ. ఒక పాప "ఆమాం, టీవీ చూడకుండా తింటాను" అని చెప్పింది. బుద్ధిమంతురాలే, కానీ మేం అడిగింది అది కాదు. పైగా దాని వెంటనే వచ్చే ప్రశ్న నెమ్మదిగా తినడం గురించి, ఇంట్లో అమ్మలు రెండూ కలిపి "పాత్తు మెదువా సాప్పిడు", చూసుకుని మెల్లగా తిను, అంటారు, పిల్లలకి రెండూ ఒకటైపోయాయి. అప్పుడు టీచరమ్మే "పార్త్తుప్ పార్త్తు", చూసుకుని చూసుకుని, అని పెట్టమన్నారు. చేప తినేటప్పుడు ముల్లు కోసం అలా తింటారని పిల్లలకి తెలుసు. ఆ మాట పెట్టాక "ఎలా తింటావో చూపించు" అంటే ఈ ప్రశ్నకి ఒకలా, నెమ్మదికి ఇంకోలా చేసి చూపిస్తున్నారు.

విభక్తి సంగతి: పాత "పర్కళాల్" వాక్యాన్ని కూడా పోల్చడానికి కొంతమందికి వినిపించాం. చిన్నవాళ్ళు కొందరు నిజంగానే "పళ్ళతోనే కదా తింటాం" అన్నారు. "ఇప్పడి ఇరుప్పదాల్" దగ్గర ఎవరూ ఆగలేదు, ఉంచేశాం. అది వాక్యాన్ని కాస్త పొడుగు చేస్తుంది, ఫర్వాలేదు.

ఊగే పళ్ళు. ఇది భాష సమస్య కాదు, వయసు సమస్య. ఆరేడేళ్ళ పిల్లలకి ముందు పళ్ళు ఊగుతుంటాయి. "పళ్ళు నొప్పి పెడుతున్నాయా" అంటే "కొంజం" అని ముందు పన్ను పట్టుకుని ఊపి చూపిస్తారు. తినడం కష్టమా అంటే అవును, జామకాయ కొరకలేను. పుచ్చుకి సంబంధమే లేదు. ఈ వయసులోనే వెనక మొదటి శాశ్వత దవడ పన్ను కూడా వస్తూ చిగురు సలుపుతుంది. ప్రశ్నలు మార్చడం మన చేతిలో లేదు, మార్చకూడదు కూడా. అందుకని నోరు పరీక్షించేటప్పుడు ఊగుతున్న పళ్ళు, వస్తున్న పళ్ళు విడిగా రాసుకుంటున్నాం, లెక్కలు కట్టేటప్పుడు ఆ పిల్లల మార్కులు వేరుగా చూడొచ్చు.

కష్టంగా ఉండే తిళ్ళు అన్నచోట ఉదాహరణలు పెడదామని అందరూ అన్నారు: మురుక్కు, చెరకు, కడలై మిఠాయి. నాకూ మనసు లాగింది. కానీ మూలంలో ఉదాహరణలు లేవు, పెడితే పిల్ల ఆ మూడింటి గురించే ఆలోచిస్తుంది, ఐస్‌క్రీం తగిలితే జివ్వుమనే పిల్ల "లేదు" అంటుంది. పెట్టలేదు.

తెలుగు ఇళ్ళ పిల్లలు మా ఓపీకి బాగానే వస్తారు. వాషర్‌మెన్‌పేట, రెడ్ హిల్స్, తిరువళ్ళూరు వైపు నుంచి తరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబాలు. నేను తెలుగులో పలకరించగానే అమ్మమ్మలు "మన వాళ్ళేనా అమ్మా" అని కుర్చీ దగ్గరికి లాక్కుంటారు. ఈ పిల్లల్ని తమిళ ప్రశ్నాపత్రం అధ్యయనంలోకి తీసుకోవాలా వద్దా? 2006లో తమిళనాడు తెచ్చిన తమిళ అభ్యాస చట్టం తర్వాత ఒకటో తరగతి నుంచి తమిళం అందరూ చదవాల్సిందే, కాబట్టి చదవడం వాళ్ళకి తమిళంలోనే వచ్చు, నొప్పి చెప్పుకునేది మాత్రం తెలుగులో. నాతో కూర్చున్న కొందరు ప్రశ్న తమిళంలో విని జవాబుకి కారణం తెలుగులో చెప్పారు, అర్థం ఎక్కడా తప్పలేదు. వాళ్ళని తీసెయ్యడం అన్యాయం అనిపించింది, మేడం కూడా ఒప్పుకున్నారు. రేపు ఈ కాగితం వాడేది ఇదే ఊళ్ళో, ఇదే ఓపీలో, వాళ్ళు కూడా ఇక్కడి పిల్లలే. ఇంట్లో మాట్లాడే భాష ఏదో ఒక గడిలో రాసుకుంటున్నాం, తేడా ఉంటే లెక్కల్లో తెలుస్తుంది. దీనికి వ్యతిరేకం ఇంగ్లీషు మీడియం పిల్లలు. ఇంట్లో తమిళమే మాట్లాడతారు గానీ చదవమంటే తడబడతారు, వాళ్ళకి పదేళ్ళు దాటినా చదివి వినిపిస్తున్నాం.

నవంబరు: నొప్పిలో ఉన్న పిల్లని రెండు వారాలు ఆపుతామా

మార్పులన్నీ కారణాలతో సహా పట్టికగా రాసి మూలం తయారుచేసిన వాళ్ళకి పంపాం. ఇక అసలు అధ్యయనం, అంటే ఎక్కువమంది పిల్లల మీద వాడి, ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయా, అంటే దాన్ని కొలిచే క్రోన్‌బాక్ ఆల్ఫా అనే అంకె 0.7 దాటుతోందా, నోట్లో కనిపించే జబ్బు తీవ్రతతో మార్కులు కలుస్తున్నాయా అని చూడడం. తీవ్రతకి డీఎంఎఫ్‌టీ ఒక్కటే సరిపోదు. 2010లో వచ్చిన పూఫా లెక్క కూడా పెట్టుకున్నాం, అది నరం బయటపడినవి, పుండు చేసినవి, చీము కారే రంధ్రం ఉన్నవి, చీముగడ్డ కట్టినవి లెక్కపెడుతుంది. పిల్లలకి బాధ పెట్టేది ఎక్కువగా ఆ దశలోనే, కాబట్టి మా మార్కులు డీఎంఎఫ్‌టీ కంటే పూఫాతో దగ్గరగా నడవాలని నా అంచనా. నడవకపోతే ఎందుకో వెతకాలి.

చిక్కు ఎక్కడంటే, ఒకే పిల్లకి అదే కాగితం కొన్నాళ్ళాగి మళ్ళీ ఇచ్చి జవాబులు నిలకడగా ఉన్నాయా అని చూడాలి. పుస్తకాల్లో ఒకటి రెండు వారాల ఎడం అంటారు, మధ్యలో పరిస్థితి మారకూడదు అంటారు. పరిస్థితి మారకూడదంటే చికిత్స చెయ్యకూడదు. రాత్రి నిద్ర లేదని "రొంబ" దగ్గర వేలు పెట్టిన పిల్లని, నీ మీద లెక్క పూర్తవ్వాలి, రెండు వారాలాగి రా అని నేను పంపలేను, ఎవరూ పంపకూడదు. ఆ పిల్లకి ఆ రోజే పల్పెక్టమీయో (పంటి లోపలి నరం తీసి శుభ్రం చేయడం), చీము తీయడమో మొదలవ్వాలి. కాబట్టి రెండోసారి ఇవ్వడానికి నొప్పి లేని పుచ్చు ఉన్న పిల్లల్నీ, ఎలాగూ తర్వాతి తేదీ పడిన వాళ్ళనీ మాత్రమే తీసుకుంటున్నాం. దీనివల్ల మా నిలకడ లెక్క తక్కువ మార్కులున్న పిల్లల మీదే ఆధారపడుతుంది, అది లోపమే, థీసిస్‌లో అలాగే రాస్తాను. ఇంకో దారి కూడా పెట్టుకున్నాం: నొప్పి ఉన్న పిల్లలకి చికిత్సకి ముందు, అన్నీ అయ్యాక మళ్ళీ ఇస్తాం. స్టీల్ క్యాప్ పడి, తీయాల్సిన పన్ను తీశాక మార్కు తగ్గాలి. నిజంగా తగ్గితే ఈ కాగితం పిల్లల్లో వచ్చే మార్పుని పట్టుకుంటోందని తేలుతుంది, నాకు నిలకడ అంకె కంటే అదే ముఖ్యం.

పరీక్ష చేసే మా ఇద్దరి చూపు ఒకేలా ఉందో లేదో చూసుకోవడానికి అదే పిల్లల నోళ్ళు వేర్వేరుగా రాసి, రెండూ ఎంత కలిశాయో చెప్పే కాపా అనే అంకె కడుతున్నాం. నోరు చూసేవాళ్ళకి ప్రశ్నాపత్రం మార్కు తెలియకూడదు, ప్రశ్నలు ముందు, నోరు తర్వాత. ఈ వరుస తప్పకూడదు, పన్ను ముట్టుకుని గాలి కొట్టాక అడిగితే అందరూ "రొంబ" అంటారు.

తెలుగులో ఇది చేస్తారా అని ఇద్దరు ముగ్గురు జూనియర్లు అడిగారు, ఒకమ్మాయిది తిరుపతి. చెయ్యండి, కానీ మా తమిళం నుంచి కాదు, ఇంగ్లీషు మూలం నుంచి మొదలుపెట్టండి. మాకు తగిలిన చిక్కుల్లో సగం తమిళానివి, తెలుగులో వేరేవి తగులుతాయి. రాయలసీమ, తెలంగాణ, కోస్తా పిల్లలు ముగ్గురినీ కూర్చోబెట్టకుండా "పన్ను సలుపుతోందా", "నొస్తుందా", "నొప్పిగా ఉందా" వీటిలో ఏది వెయ్యాలో తేల్చొద్దు. అనుమతి మాత్రం మళ్ళీ కొత్తగా తీసుకోవాలి, మాది తమిళానికే.

ఈ వారం పని: డేటా షీట్‌లో గడులు ఖాయం చెయ్యాలి, జవాబు వదిలేసిన ప్రశ్నలకి ఏం రాయాలో సాయంత్రం స్టాటిస్టిక్స్ సార్‌ని అడగాలి, సూచనల పేజీ తమిళ అచ్చుతప్పులు టీచరమ్మ చూసి ఇస్తానన్నారు. సోమవారం నుంచి ఓపీలో మొదలు.